నాలుగు కన్నాల గోడ

ఇరవై రెండేళ్లుగా నా పని
ఇంట్లోని ఉడుకును గోడ దాటించడం.
సీతమ్మధార నుంచి ఎండాడ దాకా
ఎన్ని పెట్టెలు వేలాడదీశానో లెక్కలేదు.
లోపల ఇరవై రెండు, బయట నలభై.
ఆ నలభై ఎవరి వాటానో
నా బిల్లులో ఎప్పుడూ రాయలేదు.

మే నెల విశాఖ తెలుసుగా,
సముద్రం పక్కనే ఉండి కూడా
ఊపిరి బిగబట్టుకునే మధ్యాహ్నాలు.
లాసన్స్ బే కాలనీలో విశాలాక్షి గారి గోడకు
నేను బిగించిన యూనిట్ కిందే
నూకరత్నం ఇస్త్రీ బండి.
చేతిలో బొగ్గుల పెట్టె, నెత్తిన నా పెట్టె,
మధ్యలో మనిషి.

ఈ ఏడు విశాలాక్షి గారు కొత్త మాటన్నారు:
"బయటికి కాదు, కిందికి పంపుదాం."

తిరుచెంగోడు లారీ రాత్రి పదింటికొచ్చింది.
మూడు బోర్లు, ఒక్కోటి రెండొందల అడుగులు.
ముందు ఎర్రమట్టి, తర్వాత పుచ్చురాయి,
ఆ తర్వాత బిట్టు పళ్ళు కొరికిన చప్పుడు.
నూట పది దగ్గర నీళ్ళు ఎగజిమ్మాయి.
మురుగేశన్ రెండు చేతులూ ఎత్తి మొక్కి
కొబ్బరికాయ కోసం చుట్టూ చూశాడు.
"నీళ్ళతో పని లేదు, ఇంకా పోనీండి" అన్నారావిడ.
నీళ్ళు పడ్డా ఎవరూ నవ్వని బోరు
తన సర్వీసులో చూడలేదట.

నల్ల పైపులు దింపాం, అడుగున ఒక మలుపు.
పోయిన నీళ్ళే తిరిగొస్తాయి,
వచ్చిన నీళ్ళే మళ్ళీ పోతాయి.
తొలిసారి పైకొచ్చిన నీళ్ళలో థర్మామీటర్ ముంచాను.
ఇరవై తొమ్మిది.
ఇంతేనా!
పాతాళంలో మంచు ఉంటుందనుకున్నవాణ్ణి.

భూమి చల్లనిదేం కాదు.
రోహిణి కార్తె ఎండనీ ధనుర్మాసపు పొగమంచునీ
ఒకే ముద్దగా కలిపి దాచుకుంటుంది.
తొందర లేనిది, అంతే.
ఎండకీ దానికీ మధ్యనున్న ఆ పది డిగ్రీల నిదానం మీద
మేడంతా చల్లబడుతోంది.

పాత యూనిట్ దింపేశాను.
గోడ మీద నాలుగు కన్నాలు, ఒక తుప్పు చార మిగిలాయి.
మర్నాడు నూకరత్నం తలెత్తి చూసింది.
"ఏటి బాబూ, ఆ యేడి ఎక్కడికెల్పోనాది?"
"కిందకమ్మా, భూమిలోకి."
ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.
చెప్పు విడిచి, అరికాలు నేలకానించి
బిడ్డ నుదురు చూసినట్టు కాసేపు చూసింది.
"మరి కింద ఎవులున్నారో అడిగినారేటి?"

జవాబుంది. విశాలాక్షి గారి దగ్గర కాగితమే ఉంది:
బోరుకీ బోరుకీ మధ్య ఇరవై అడుగులు,
రాతి పొరల్లో కదిలే తడి,
పాతికేళ్ల లెక్క.
నేను చూశాను. నమ్మాను కూడా.
అయినా ఆ పూట ఏమీ చెప్పలేకపోయాను.
నా గోడల కింద నిలబడ్డవాళ్ళ గురించి
నన్నెవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

కన్నాలు సిమెంటుతో పూడుస్తానంటే
ఆవిడ వద్దంది.
రెండింట్లో మేకులు దిగ్గొట్టి, తాడు కట్టి
ఇస్త్రీ చేసిన చొక్కాలు తగిలించింది.
గాలొచ్చినప్పుడు ఊగుతాయి.
రానప్పుడు ఊరుకుంటాయి.