టిక్కులు

టూవూంబాలో నవంబరు.
వీధంతా ఊదారంగు, చెప్పుల కింద జారుతోంది.
గ్లవ్ బాక్స్‌ని రెండు వైపులా నొక్కితే
ఊడి ఒళ్ళోకి వస్తుంది.
దాని వెనక ఇరుకు అర, అరలో ఫిల్టరు.
బయటికి లాగాను.
ఎర్రమట్టి పట్టిన మడతల మధ్య
పోయినేటి జకరాండా పువ్వు,
ఎండి, కాగితమై,
ఎవరూ లేపని నిద్రలో ఉంది.

రెండో చేతిలో వారం క్రితం బిల్లు.
కేబిన్ ఫిల్టరు మార్చబడినది: ఎనభై తొమ్మిది డాలర్లు.
బ్రేక్ ఆయిల్ మార్చబడినది: నూట నలభై.
మార్చబడినది.
ఈ మాటలో కర్త ఉండడు, గమనించారా,
ఎవరు మార్చారని అడగడానికి
వ్యాకరణంలోనే కుర్చీ వెయ్యలేదు.

కారు మాత్రం కడిగి ఇచ్చారు.
టైర్లకి నల్లటి నిగనిగ, లోపల నిమ్మ వాసన.
పైన పటారం.

పువ్వునీ బిల్లునీ ఒకే కవర్లో పెట్టుకుని వెళ్ళాను.
"సిస్టంలో చేసినట్టే ఉంది, హైమా,"
అన్నాడు కౌంటర్లో లాక్‌లన్,
నా పేరులో వతిని ఎప్పుడో కోసేసినవాడు.
తెర నా వైపు తిప్పాడు.
ముప్పై ఆరు పచ్చ టిక్కులు,
తీగ మీద చిలకల బారులా,
ఒక్కటీ రెక్క కదపలేదు.
పువ్వు తీసి బల్ల మీద పెట్టాను.
కాసేపు నీళ్ళు నమిలి
వచ్చే సర్వీసుకి పది శాతం తగ్గింపు కూపను నమిలాడు.

నేను అడిగింది ఫిల్టరు గురించి కాదు.
శనివారం ఇదే కారులో కొండ దిగాను.
ముందు గొర్రెల లారీ, వెనక పెట్రోలు ట్యాంకరు.
పెడలు స్పాంజిలా మెత్తగా లోపలికి పోయింది.
వెనక సీట్లో నా కూతురు ఎక్కం అప్పజెబుతూ
పన్నెండేళ్ళు ఎనభై నాలుగు దగ్గర
ఆగిపోయింది,
నా మెడ చూసి.

షెడ్డు పక్కన చెత్తడబ్బాల దగ్గర
సిగరెట్టు కాలుస్తున్నాడు కోడీ.
పంతొమ్మిదేళ్ళుంటాయి. గోళ్ళనిండా నూనె.
"కారుకి నలభై రెండు నిమిషాలిస్తారు.
టిక్కులు ముందే పెట్టేస్తాం.
టైముంటే పని చేస్తాం."
బిల్లు మీద అతని పేరుండదు.
టెక్నీషియన్ పద్నాలుగు.

తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి.
మా ఆసుపత్రి ల్యాబులో రక్తం దాచే ఫ్రిజ్ ఉంది.
నాలుగు గంటలకోసారి చూసి వేడి ఎంతో రాయాలి.
మే నెలలో ఒక రాత్రి
ఫోను మోగుతూనే ఉంది, సెంట్రిఫ్యూజు తిరుగుతూనే ఉంది,
మూడింటి గడీ ఏడింటి గడీ
ఒకేసారి నింపేశాను.
నాలుగు డిగ్రీలు. నాలుగు డిగ్రీలు.
ఏమీ కాలేదు.
నాలుగే ఉండి ఉంటుంది.

గుమ్మడికాయల దొంగ ఎవడని
ఆ షెడ్డులో అరవబోయిందాన్ని నేనే.
చెయ్యి దానంతటదే
భుజం మీదికి పోయింది.

అయినా ఫిర్యాదు రాశాను.
పద్నాలుగు అని రాయలేదు,
నలభై రెండు అని రాసి
కింద రెండు గీతలు గీశాను.
బ్రేక్ ఆయిల్ నా కళ్ళముందు మార్చమన్నాను.
కస్టమర్లు దాటకూడని పసుపు గీత మీద,
దాటకుండా, కదలకుండా నిలబడ్డాను.
సన్నటి గొట్టంలో
ముందు డికాషన్ రంగు,
చాలాసేపటికి, తేనె.
కోడీ తలెత్తి చూడలేదు.
నేనూ థాంక్స్ చెప్పలేదు.

ఆ రాత్రి డ్యూటీ.
పదకొండింటికి ఫ్రిజ్ ముందుకెళ్ళి
అంకెని చూశాను: నాలుగు పాయింటు మూడు.
రాశాను. మళ్ళీ తలెత్తి చూశాను.
పెన్ను మూత పెట్టబోతుంటే
కింది గడి కనబడింది.
తెల్లవారుజాము మూడింటిది.
ఎవరిదో నీలం సిరా,
గుండ్రటి చేతిరాత,
నాలుగు అని
అప్పటికే ఉంది.