నలభై ఒక్క సముద్రాలు

తొమ్మిదో తరగతి, బి సెక్షన్.
టేబుల్ మీద నలభై ఒక్క నోటుబుక్కులు.
శీర్షిక నేనే ఇచ్చాను:
'సముద్రం వలన లాభాలు'.

మొదటిది తెరిచాను.
"సముద్రము భూమండలమున మూడు వంతులు ఆక్రమించియున్నది."
రెండోదీ అదే. పదకొండోదీ అదే.
గైడులో సున్న ఎగిరిపోయిన చోట
ఇరవై ముగ్గురు 'ఆక్రమిచి' అనే రాశారు,
ఎంత విశ్వాసమో!

కిటికీ అవతల, కొత్త జాలరిపేట ఇళ్ళ వెనక,
అసలుది
ఎవరూ పిలవని సాక్షిలా
గుమ్మం దాకా వచ్చి వెళ్తోంది.

ఎర్ర పెన్ను మూత తీశాను. పదిహేడేళ్ళ అలవాటు.
తప్పు కింద గీత, ఒప్పు పక్కన టిక్కు,
చివర 'బాగుంది, దస్తూరి మెరుగుపరచుకో'.
నేనూ ఒక గైడునే.

ముప్పై ఎనిమిదోది గరికిన ఎల్లాజీది.
మూడే లైన్లు.
"సంద్రం మా గోడకి తగుల్తాది.
అమాసకి మంచం కింద ఇటికలెట్టేస్తాం.
లాభం ఏటో మా అయ్యనడిగి రేపు రాస్తాను."

పెన్ను 'సంద్రం' మీద వాలబోయి
ఆగింది.
క్లాసు మొత్తంలో వీడొక్కడే
తెలియంది తెలియదన్నాడు,
తెలిసినవాణ్ని అడుగుతానన్నాడు.

మర్నాడు గైడులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను.
బోర్డు మీద ఒకే వాక్యం: సముద్రం గొప్పది.
"ఎవరికి?" అన్నాను.
పోర్టులో ఏదో ఓడ కూత వేసింది. క్లాసు వెయ్యలేదు.
"ఎప్పుడు? నువ్వు చూశావా? ఎవరు చెప్పారు?"
వెనక బెంచీ నుంచి ఎవరో, మెల్లగా:
"వేట ఆపీసిన రెండు నెలలూ గొప్పది కాదండి."
"అదిగో, అక్కడ పడాలి 'అయితే' అనే మాట!
వ్యాసానికి అది చుక్కాని."
ఎల్లాజీ లేచాడు.
"సుక్కాని కాదు టీచర్. అది ముందునుంచీ ఉంటాది.
ఇది గాలి మారిపోతే తెరచాప తిప్పడం."
నా పోలిక తుడిచేసి వాడిది రాశాను.

ఆ వారమంతా మార్కులు లేవు. మార్జిన్‌లో ప్రశ్నలే.
'రుచికరమైన చేపలు' పక్కన: ఏ చేప? ఎవరు వండారు?
'చాలామంది' పక్కన: లెక్కపెట్టావా?
'కావున' పక్కన: ఎందువలన?
ఇద్దరు ఏడ్చారు. సిలబస్ రెండు పాఠాలు వెనకబడింది.
హెడ్మాస్టారు పిలిచి కుర్చీ చూపించకుండానే
"పబ్లిక్ పరీక్షలో ఇవి అడగరండి, అరుంధతి గారూ" అన్నారు.
నిజమే.
జవాబు నా దగ్గరా లేదు.

శుక్రవారం ఇంటర్వెల్లో కుసుమలత,
నోటుబుక్కు గుండెకి అదుముకుని.
"శీర్షికలో లాభాలనే ఉంది కదా టీచర్.
యూనిఫాం ఆరేస్తే సాయంత్రానికి
బొగ్గు దుమ్ముతో నల్లబడిపోతాది.
మా నాన్న పోర్టులో క్రేను నడుపుతాడు,
జీతమూ ఆ బొగ్గులోంచే.
రెండూ రాయొచ్చా?"

రాయొచ్చా అని అడగడం
ఒకటో తరగతి నుంచీ మేమే నేర్పాం.
ఎర్ర పెన్ను ఆ పిల్ల చేతికిచ్చాను.
'లాభాలు' కొట్టేసింది.
పెన్ను మూత కొరుకుతూ చాలాసేపు నిలబడి
ఆ జాగా ఖాళీగానే వదిలేసింది.
"మొత్తం రాశాక పెడతాను టీచర్."

జిల్లా పోటీకి ఆ వ్యాసమే పంపాను.
'శీర్షిక అసంపూర్ణం' అని తిరిగొచ్చింది.
బహుమతి మూడు వంతుల సముద్రానికే.
కుసుమలత ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి
"అసంపూర్ణమంటే ఇంకా ఉందనేగా" అంది.
నవ్వాలో కూడదో తెలియలేదు.

ఎల్లాజీ నాలుగో లైను మాత్రం బాకీ.
"అయ్య ఏమన్నాడ్రా?"
"వేటకెళ్ళాడండి."
మర్నాడూ అదే. ఆ మర్నాడూ.

సోమవారం పొద్దున్నే వచ్చాడు,
కళ్ళ కింద నిద్ర లేకుండా,
పధ్నాలుగు పేజీలతో.
"అయ్య చెప్తా ఉన్నాడు, నేను రాస్తా ఉన్నాను.
ఎక్కడాపాలో ఇద్దరికీ తెలీలేదండి."

కాగితాలు తడి తడిగా, ఉప్పు వాసన.
మొదటి పేజీ మీద పెన్ను ఆనించగానే
ఎర్ర సిరా నాలుగు దిక్కులా పాకిపోయింది.
దిద్దడం కుదరలేదు.
మూత పెట్టి
చదివాను.