చూడదగినవి

లోయ మొదట్లో నిలబెట్టే పలక మీద
"చూడదగినవి" అని రాసి కింద ఖాళీ వదిలారు.
నింపే పని నా నెత్తిన పడింది.
మంగళ, శుక్రవారాల్లో బస్సు నడిపేది నేనే కాబట్టి
ఎవరు ఎక్కడ దిగి ఏం వెతుక్కుంటారో
నాకే తెలుస్తుందని ఊరి సంఘం నమ్మకం.
"పది చాలు, ఫొటోకి పనికొచ్చేవి"
అన్నాడు కార్యదర్శి క్లెమెంట్ అయర్.

ముందు వాగు రాశాను.
జూన్ దాటితే మా వాగు ఉండదు.
సున్నపురాళ్ల మధ్య నోరు తెరిచిన నేల
దాన్ని గుటకేసి, మైలున్నర అవతల
గొర్రెల దొడ్డి వెనక
ఏమీ ఎరగనట్టు బయటికి వదులుతుంది.
ఆగస్టులో వచ్చినవాళ్లు వంతెన మీద నిలబడి
ఎండిన రాళ్లనీ, తర్వాత నన్నూ చూస్తారు.
కింద ఉందండీ, అంటాను.
చెవి పెట్టి వినమంటాను.
ఒకరిద్దరు నిజంగానే మోకాళ్ల మీద వంగారు.

తర్వాత గుడ్ల డబ్బా.
హెస్టర్ బ్రన్స్‌కిల్ గేటు దగ్గర పెడుతుంది,
పక్కనే చిల్లరకి ఒక జాడీ, మూత లేకుండా.
ఓసారి జాడీలో చీటీ: "ఆరు తీసుకున్నాం, శుక్రవారం ఇస్తాం."
శుక్రవారం ఇచ్చారు.
ఇది ఫొటోలో ఎలా పడుతుందో నాకు తెలీదు.

చర్చిలో గంటలు ఆరు, లాగే చేతులు నాలుగు జతలే మిగిలాయి.
రెండు మెట్లు ఊడిన నిచ్చెనలా
ఆదివారం ఆ మోత కిందికి దిగుతుంది.
కొత్తవాళ్లకి వెలితి.
మాకు ఆరూ వినబడతాయి.

ఎర్ర టెలిఫోన్ గూట్లో ఫోన్ పోయి పుస్తకాలొచ్చాయి.
ఒక నవలకి ఆఖరి పేజీ చిరిగితే
ఎవరో అట్ట లోపల పెన్సిల్‌తో ముగింపు రాశారు.
అందులో ఇద్దరూ విడిపోతారు, వాన కూడా ఆగదు.
వాన సంగతి చూస్తే రాసింది మా ఊరివాళ్లే.

ఇక గోడలు.
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయికీ రాయికీ బరువే బంధుత్వం.
కొండ ఎంత నిటారైతే అంత మొండిగా ఎక్కి
పైన ఎవరికీ అక్కర్లేని పొగమంచుని కూడా
ఎకరాల లెక్కన పంచేస్తాయి.
ఎనోక్ రాథ్‌మెల్‌కి ఎనభై ఒకటి.
చేతిలోకి తీసుకున్న రాయిని
దానికో చోటు దొరికేదాకా కింద పెట్టడు.
"పెడితే అలుగుతుంది" అంటాడు, నవ్వకుండా.
గొర్రెల్ని యాన్, టాన్, టెథెర అని లెక్కపెడతాడు.
ఏ భాషో ఎవరికీ తెలీదు,
మాట్లాడినవాళ్లంతా పోయి అంకెలు మాత్రం
గొర్రెల దగ్గర మిగిలాయి.
ఇరవై కాగానే ఒక గులకరాయి జేబులోకి.

నిరుడు అతని భార్య ఆగ్నెస్ పోయిన వారం
మంచు బరువుకి కూలిన గండి ఒకటి
ఎగువ చేను పక్కన అలాగే ఉంది.
లోయంతా గోడలు సరిచేసే మనిషి
దాన్ని మాత్రం ముట్టుకోడు.
ఎందుకని ఎవరూ అడగలేదు,
అడక్కపోవడం ఇక్కడి మర్యాద.
మర్యాద ఎరగని గొర్రెలు మాత్రం
పొద్దున్నే అందులోంచి దాటి
సాయంత్రానికి అందులోంచే తిరిగొస్తాయి.

పలక మీద గండి రాయొచ్చా?

మొన్న శుక్రవారం ఎనోక్ బస్సెక్కాడు,
ఒళ్లో ఒక రాయి, రొట్టెంత ఉంటుంది.
టిక్కెట్టు ఒకటే కొట్టాను.
ఎగువ చేను దగ్గర ఆపమన్నాడు. అక్కడ స్టాపు లేదు.
ఇంజను ఆపాను.
బస్సులో ముగ్గురున్నారు, ఒక్కరూ గడియారం చూడలేదు.
కర్ల్యూ పిట్ట ఒకటి బురదలోంచి లేచి
గాలిని ఈల వేసుకుంటూ పైకి పోయింది.
అతను గండి ముందు నిలబడి
రాయిని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు,
నాచు పట్టిన వైపు బొటనవేలితో తుడిచాడు.
ఎంతసేపో.
తిరిగొచ్చేసరికి రాయి చేతిలోనే ఉంది.
"ఇవాళ కాదు" అన్నాడు.

మంగళవారం కూడా తెచ్చాడు.

క్లెమెంట్ లెక్కపెట్టి ఐదే ఉన్నాయన్నాడు.
మిగతా చోటు ఖాళీగా వదిలెయ్యమన్నాను,
రెండు చలికాలాలకి ఎలాగూ రంగు పోతుంది.
అతను గొణుగుతూ పెన్ను జేబులో పెట్టుకున్నాడు.
నేను బస్సు తీశాను.
వెనక సీట్లో ఎనోక్, ఒళ్లో రాయి.
మలుపుల దగ్గర
కాస్త నెమ్మదిగా నడుపుతున్నాను.