పదకొండు బాణాలు

పన్నెండు వేసింది. పదకొండు దొరికాయి.
బందరు కాలవ గట్టు మీద పొద్దు కుంకింది.
ఫోను లైటు పట్టుకుని జమ్ము మొదళ్లు వెతుకుతున్నాం
నేనూ, నా కూతురు లింగేశ్వరీ.
"పోనీలే నాన్నా" అంటుంది.
పోనీలే అనుకోడానికి అది తెగిన చెప్పు కాదు తల్లీ,
మూడు వేల రెండొందలు.

నిరుడు ఇరవై నాలుగొందలు.
ముందటేడు పద్దెనిమిది.
ఎందుకు పెరిగిందయ్యా అంటే
డాలరంటాడు కొట్టువాడు, ఓడ రాలేదంటాడు.
ఆటోనగర్లో లేతు మిషను ముందు
పొద్దస్తమానం ఇనుము చెక్కితే నాకొచ్చేది తొమ్మిదొందలు.
మూడున్నర రోజులు నేను నిలబడితే
అది ఒక్క రెప్పపాటు ఎగురుతుంది.

విల్లు సంగతి ఎత్తను.
దాని వాయిదాలు ఇంకా పంతొమ్మిది.
మా ఆవిడ ఆ పెట్టెను బీరువాలో పెట్టి
తాళం బొడ్లో దోపుకుంటుంది.
అదివరకు తన గొలుసు ఉండిన అర అది.

మా అమ్మ వాళ్ల నాన్న, తోకల గురవయ్య,
బొల్లాపల్లి అడవి చెంచు.
ఆయన విల్లు వెదురు, నారి చెట్టు నార,
ములుకులు సాగగొట్టినందుకు కమ్మరికి ముంతెడు తేనె.
అంతే, ఇంకో ఖర్చు లేదు.
బాణం వంకరపోతే నిప్పుల మీద కాచి
పళ్ల సందున బిగించి చక్కజేసేవాడు.
చౌకే కదా అని మాత్రం వదిలేవాడు కాదట.
కుందేలు పోతే పోయేది,
బాణం దొరికేదాకా గూడేనికి తిరిగొచ్చేవాడు కాదు.
కూడు చల్లారేది, అవ్వ తిట్టేది.

తర్వాత వేట నేరమైంది.
విల్లు పట్టుకుపోయిన ఫారెస్టు వాళ్లు
రసీదు ఇవ్వలేదు.
నా దగ్గర రసీదులే ఉన్నాయి, ఫైలు నిండా.

మొన్న పోటీలకి రబ్బరు జింకను దింపారు,
గుండె ఉండాల్సిన చోట గుండ్రాలు గీసి.
దాని ధర వింటే తాత
కింద కూలబడి నవ్వేవాడు:
కూర కాని జింకకి అంత డబ్బా!

మా ఫోర్‌మన్ సత్తార్ అడిగాడు,
ఏమొస్తుంది దీనివల్ల, ఉద్యోగమా, కోటా సీటా?
ఏదో గొణిగాను. నాకే వినపడలేదు.
చెప్పాల్సింది ఇది:
నారి దాని పెదవిని తాకినప్పుడు
అది ఊపిరి ఆపుతుంది.
ఇరవై రెండేళ్లుగా నా చెవుల్లో తిరుగుతున్న లేతు మోత,
నిద్రలో కూడా ఆగని మోత,
ఆ కాసేపు ఆగుతుంది.
అయితే దానికి మూడు వేల రెండొందలు ఇవ్వొచ్చా?
కొన్నాళ్లు ఇవ్వొచ్చనిపిస్తుంది.
వాయిదా తేదీ నాడు అనిపించదు.

దూరంగా ఇంద్రకీలాద్రి మీద లైట్లు వెలిగాయి.
అక్కడే అంటారు,
ఒక రాకుమారుడూ ఒక వేటగాడూ ఒకే పందిని కొట్టి
నాదంటే నాదని కలబడ్డారని.
పెద్దలు దానికి పెద్ద పెద్ద అర్థాలు చెబుతారు.
మోకాటి లోతు బురదలో నాకు తట్టింది వేరు:
పందిదేముంది,
వాళ్లు బాణం కోసమే కొట్టుకుని ఉంటారు.

"నాన్నా, ఇక్కడ!"
రాయి పక్కన పడుంది. ఒక ఈక ఊడింది.
కార్బను వంగదు. పగిలితే పైకి తెలీదు.
పగిలినదాన్ని సంధిస్తే
వదిలిన చేతిలోకే దిగుతుందట.
చెవి దగ్గర పెట్టుకుని
కాస్త వంచి వినమన్నాడు కోచ్.

వంచాను.
గట్టు మీద బస్సు పోయింది, ఏమీ వినపడలేదు.
"బాగుందా నాన్నా? పనికొస్తుందా?"
ఉష్, లింగీ, ఉండు.
మళ్లీ వంచుతున్నాను.