ఒరకు కొలత

దీపాలు పెట్టే యాళకు వచ్చినాడు
బంగారంగడి బాలనాగయ్య శెట్టి.
నా కత్తెర పక్కన గుడ్డమూట విప్పినాడు.
అరచేతిలో ఇమిడే పిస్టలొకటి,
గొట్టం కింద కొత్తరకం గాడి,
ఆ గాడికి తగిలించుకోను మూడు లైట్లు.
"ఏది బాగుంటాదో నువ్వే చెప్పు ఓబులేసూ,
ఒర కుట్టేది నువ్వే కదా."

ప్రొద్దుటూర్లో నలభై ఏండ్లు తోలుపని చేసినా.
ఎద్దులకు మెడపట్టీలు, కండక్టర్లకు చిల్లర సంచులు,
ఒక సర్కస్ గుర్రానికి జీను కూడా.
దీపానికి ఒర కుట్టమన్నోడు మాత్రం
ఇంతవరకు గడప తొక్కలేదు.

ముందు గుండ్లు తీసి బల్ల మీద పెట్టమన్నా.
ఏడు.
లెక్కపెట్టి, గొట్టంలో ఇంకోటి లేదని
వేలు పెట్టి చూసుకున్నా.

మొదటి లైటు పెద్దది.
ఎనిమిదొందల ల్యూమెన్లంట, ఆ లెక్క నాకు తెలీదు.
సున్నం గోడకు కొట్టి చూస్తే
వెలుగంతా తిరిగొచ్చి మా కండ్లలోనే పడింది.
ఇద్దరం గుడ్డోళ్ళ మాదిరి స్టూలు కోసం తడుముకున్నాం.
పైగా చొక్కా కింద
సంకటిముద్ద దోపుకున్నట్టు ఉబ్బు.
"బస్సులో పక్కనోడు అడుగుతాడు శెట్టీ,
నడుముకు ఏం లేచిందని."

రెండోది గోరంత.
ఒరలో బుద్ధిగా కూర్చుంటాది, బరువే తెలీదు.
పది అడుగుల అవతల
మనిషి ఉన్నాడని చూపిస్తాది,
ఏ మనిషో చూపించదు.
అంతమాత్రం చీకటికి కూడా తెలుసు.

మూడోది నడిమిది.
పసుపుచాయ వెలుగు, అంచుల్లో కొంచెం ఒలుకుతాది.
స్విచ్చి చూపుడువేలికి అందుతాది,
అందాల్సిన దానికంటే బాగా అందుతాది.
స్విచ్చికీ ట్రిగ్గరుకూ నడుమ
నా దబ్బనంతో కొలిస్తే రెండు కుట్ల దూరం.

"ఇదే," అన్నాడు శెట్టి.
అనిన్నోటు మూయకముందే కరెంటు పోయింది.
వెనక తోళ్ళగదిలో ఏదో కదిలింది.
శెట్టి చెయ్యి లేచింది.
లైటు వెలిగింది.

ఆ పసుపు గుండ్రంలో మా హాజివలి,
తోళ్ళ మీద పడుకుని లేచినోడు,
చెంపకు చొంగ, చేతిలో సగం కుట్టిన చెప్పు.
వెలుగు సరిగ్గా వాని రొమ్ము మీద.

గుండ్లు బల్ల మీదనే ఉన్నాయి.
అయినా శెట్టికి చెయ్యి దిగలేదు.
దించితే వాడు చీకట్లో కలుస్తాడు,
దించకుంటే గొట్టం వాని మీదనే.
"అన్నా, కరెంటు పోయిందా?"
అన్నాడు హాజివలి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

మా నాయన పరాయి చేనికి నీళ్ళు కట్టను
నడిరాత్రి బ్యాటరీ పట్టుకుని పోయేటోడు.
ఎవురెదురొచ్చినా ముందు వాళ్ళ కాళ్ళ మీద ఏసేటోడు వెలుగు,
తర్వాత తన మొగం మీద ఏసుకునేటోడు,
"నేను లే, ఎవురది" అంటా.
ఆ బ్యాటరీ కొనకు ఇంకేమీ లేదు మరి,
యాడ తిప్పినా ఎవురికీ ఏమీ కాదు.

ఇది శెట్టికి చెప్పలేదు.
చెమట తుడుచుకుంటా ఉన్నాడు, ఏం చెప్తాం.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
కత్తీ దీపమూ ఇముడుతాయేమో,
తోలుదేముంది, తడిపితే సాగుతాది.
నేను మాత్రం రెండు కొలతలు తీసినా:
కుడి నడుముకు పిస్టలు,
మూత బిగువుగా, గుండీలు రెండు.
ఎడమ నడుముకు చేతిలైటు,
మూత లేకుండా, చెయ్యి పడితే వచ్చేటట్టు.

శెట్టి రెండు ఒరలకూ బయానా ఇచ్చినాడు,
బేరం చెయ్యకుండా. అదే మొదటిసారి.
పోతా పోతా నడిమి లైటు బల్ల మీద వదిలిపెట్టినాడు.
మర్చిపోయినాడేమోనని మూడు రోజులు చూసినా.
రాలేదు.

ఇప్పుడు కరెంటు పోతే
హాజివలి దాన్ని పండ్లనడుమ కరుచుకుని
సూదికి దారం ఎక్కిస్తాడు.