కొట్టివేత

ఎగ్మూరు కోర్టులో ఇరవై ఆరేళ్లు
మాటను మాటగా వినలేదు నేను.
సన్నగా గీస్తే ప, అదే గీత ఒత్తితే బ.
అచ్చులు వదిలేయొచ్చు,
వేగం కావాలంటే ఊపిరి కూడా.

రిటైరై ఏడాది దాటింది.
పెరంబూరు సందులో కూరల బండి కేక,
ఇరవై తొమ్మిది సి బస్సులో ఎవరి గొడవో,
గోడవతల టీవీలో అత్తా కోడళ్ల వాదులాట,
అన్నీ నా చూపుడువేలు
తొడ మీద రాసుకుపోతుంది.
చీర కుచ్చిళ్ల నిండా కనిపించని వాంగ్మూలాలు.

పెన్సిళ్లు పారేశాను.
నోటుబుక్కులు పాతపేపర్ల మురుగేశన్‌కి
కిలో లెక్కన వేశాను.
వేలికి గుడ్డ చుట్టుకుని పడుకున్నాను.
గుడ్డ లోపల రాసింది.

నేర్చుకోవడానికి నెలకు పదిహేను రూపాయలు కట్టాను
మన్నడిలో, మేడమీది ఇన్‌స్టిట్యూట్‌లో.
మరిచిపోవడానికి ఎక్కడ కట్టాలి?

జడ్జిగారు అనేవారు: "అది కొట్టేయండి."
అడ్డంగా ఒక గీత.
ఇక ఆ మాట ఎవరూ అననట్టే.
కాగితం చెప్పినమాట వింటుంది.

ఒకసారి బోనులో ఒకామె. పేరు జారిపోయింది.
సోంపేట వైపు యాస.
కడుతున్న మేడ మీంచి మొగుడు పడ్డాడు.
సారువ కర్రల ఎత్తెంత, తాడెవరిది,
మేస్త్రీ ఎక్కడున్నాడు,
అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చింది.
అడగనిది ఒకటి చెప్పింది:
"ఆ పొద్దు సద్దికూట్లో ఉప్పెక్కువైనాదని
సగం ఒగ్గేసి ఎల్లిపోనాడు బాబూ."
దుబాసీ నోరు తెరిచేలోపే రాసేశాను.
"కేసుకు సంబంధం లేదు," లేచాడు వకీలు.
కొట్టేశాను.

కేసు నంబరు పోయింది. ఎత్తు పోయింది.
తీర్పు ఎటు తిరిగిందో తెలీదు.
టైపై, సంతకాలు పడి,
బీరువా ఎక్కినవన్నీ పోయాయి.
ఉప్పు మిగిలింది.
అది ఒక్క సన్నగీతే. చుక్క పెట్టకపోయినా చదవగలను.

కీల్పాక్ డాక్టరమ్మ అంది:
"పో పో అని తరిమేకొద్దీ
వాకిట్లోనే పడుకుంటుందమ్మా.
దాన్నొదిలేయండి. చేతికి ఇంకో పని నేర్పండి."

పక్కవాటా రహమత్ బీ కాజాలు కుట్టిస్తోంది.
ముందు మంచి గుడ్డను కోయాలి. నా చెయ్యి వణికింది.
చీలిక అంచు వెంబడి దగ్గరదగ్గరగా ముడులు.
ఆత్రంగా రెండంచులూ కలిపి కుట్టేస్తుంటే
నా మణికట్టు పట్టుకుంది:
"కన్నం మూసేస్తావేం? గుండీ ఎక్కడ దూరుతుంది?
పోగులు ఊడకుండా చూడు, చాలు."

నిన్న సాయంత్రానికి నాలుగయ్యాయి, ఒకటి వంకర.
కింద వీధిలో ఎవరో ఎవరినో తిట్టారు.
గట్టిగానే తిట్టారు.
ఏమన్నారో
సూదిలోకి దారం ఎక్కిస్తూ
రాసుకోలేదు.

రాత్రి పప్పు దింపేముందు
ఉప్పు చూశాను,
ఒకటికి రెండుసార్లు.