జారిన గీత

పుదుపేటలో పదకొండింటికే
గ్రీజు కరిగి చెప్పుల్ని పట్టుకుంటుంది.
మేస్త్రి చెంగల్రాయుడి షెడ్డులో
ఆరు సిలిండర్ల పాత ఇంజను
స్టాండు మీద తలకిందులుగా.
కొత్త బేరింగులు, కొత్త రింగులు, రీబోరు,
బిల్లులో అన్నీ కొత్తవే
ముందున్న పుల్లీ తప్ప.

అది బాగానే ఉందన్నది నేనే.
కిరసనాయిలుతో కడిగి నల్లరంగు కొట్టాను.
అప్పటికి నాకది బెల్టు తిప్పే చక్రం, అంతే.

బండి స్టార్టయింది. టైమింగు లైటు పట్టాను.
గీత తన అంకె దగ్గర నిలబడింది
బళ్ళో చేతులు కట్టుకున్న పిల్లాడిలా.
అయినా జెమినీ ఫ్లైఓవరు ఎక్కుతుంటే
డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు
ఒకటే చప్పుడు.

రెండ్రోజులు కార్బురేటర్ని తిట్టాను.
పెట్రోలు బంకు వాణ్ణి తిట్టాను.
డిస్ట్రిబ్యూటరు విప్పి బిగించి, విప్పి బిగించి
నా వేళ్ళనే తిట్టుకున్నాను.

మూడోనాడు మేస్త్రి ఏమీ అనకుండా
ఒకటో ప్లగ్గు తీసి
సైకిలు పుల్ల లోపలికి దించాడు.
స్పానరుతో క్రాంకుని గోరంత, మళ్ళీ గోరంత.
పుల్ల లేచింది, లేచింది,
ఊపిరి బిగబట్టినట్టు ఆగింది.
"ఇదప్పా టాపు. ఇప్పుడు చూడు నీ గీత యాడుండాదో."

వేలి వెడల్పు అవతల ఉంది.

అప్పుడు చూపించాడు:
ఇనుప బొడ్డు, ఇనుప కడియం,
రెంటికీ మధ్య చీర అంచంత రబ్బరు.
"పేలిన ప్రతిసారీ క్రాంకు మెలి తిరుగుతాదిరా
తడిబట్ట పిండినట్టు. కంటికి ఆనదు.
ఆ మెలిక చివరికొచ్చి తోకలాగా కొట్టుకుంటాది.
దాన్ని తినేది ఇదే.
తిని వేడెక్కుతాది, ఎవురికీ చెప్పదు."

ముప్పై ఏళ్ళు తిన్నది.
బిస్కెట్టులా ఎండిపోయి పట్టు వదిలింది.
కడియం జారింది, దానిమీది గీతా జారింది.
గీత అబద్ధమాడలేదు,
దాని పీట కదిలింది.

తరమణి నుంచి ఓనరు ఇళంగో ఫోను:
అల్యూమినియం పుల్లీ ఒకటి చూశాడట
ఎర్రగా, తేలిగ్గా, రబ్బరు గొడవే లేకుండా.
మేస్త్రి జవాబు చెప్పలేదు.
షెడ్డు తలుపుకి అడ్డంపెట్టిన ఇనుప మొద్దుని
కాలితో నా వైపు దొర్లించాడు.
రోజూ దాన్ని దాటే లోపలికొస్తాను, ఎప్పుడూ చూడలేదు.
సగం క్రాంకు.
చెరకుగడ నరికినట్టు ఏటవాలుగా తెగిన మొహం.
"ఇదీ అట్టాంటి సోకు చేసుకున్నదే.
ఫోటో తీసి పంపించు."
మళ్ళీ దాన్ని తలుపుకే ఆనించాడు
గాలికి కొట్టుకోకుండా.

పుల్లీని గోనెసంచిలో కట్టుకుని
అంబత్తూరు పోయాను.
రబ్బరు కాచి అతికే రెజీనాఅమ్మ షెడ్డులో
ఎండకంటే ఎక్కువ వేడి.
ఆమె బొటనవేలి గోరుతో నొక్కి చూసి
తమిళంలో నాలుక చప్పరించింది,
ఆ చప్పరింపుకి తెలుగు అక్కర్లేదు.
గట్టిదీ వద్దు, మెత్తదీ వద్దు,
ఏ ఇంజనో చెప్పు, ఎంత బరువో చెప్పు అంది.
గట్టిదైతే ఇనుమైపోతుందట,
మెత్తదైతే కడియాన్ని మోయలేదట.

నాలుగో రోజు ఇచ్చింది
పేపర్లో చుట్టి, ఇంకా గోరువెచ్చగా.
ఉలితో ఒక గీత కొట్టి ఉంది
బొడ్డు మీంచి రబ్బరు దాటి కడియం దాకా
ఒక్క తిన్నటి గీత.
"మళ్ళీ జారితే ఇది రెండుగా విరుగుతుంది,
దీపం పెట్టి వెతకనక్కర్లేదు."

గీతకి వేరే ఎంతివ్వాలని అడిగాను.
నవ్వింది, పళ్ళకి కూడా నల్ల పొడి.
రబ్బరుకే డబ్బులంది.

బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను.
పాడి దగ్గర గుంతలో చక్రం పడి
బస్సంతా అదిరింది, కిటికీ అద్దాలు, కడ్డీలు, నా దవడ.
చేత్తో అదిమి పట్టుకున్నాను దాన్ని
పట్టుకోవాల్సిన పనేమీ లేకపోయినా.